పెద్దల దిబ్బలో దొరికిన కళింగ వర్తకుడు

నా పదవీ విరమణ రోజున కప్పిన శాలువా ఇప్పటికీ మళ్ళీ కప్పుకోకుండా బీరువాలోనే ఉంది. మా ఆవిడ ఏటా ఒకసారి దాన్ని ఎండలో ఆరేసి, కలరా ఉండలు మార్చి, మళ్ళీ లోపల పెడుతుంది. "చలికాలంలోనైనా కప్పుకోవచ్చు కదండీ" అంటుంది. నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాను. ఎందుకు కప్పుకోనో ఆవిడకి కూడా ఇంతవరకు చెప్పలేదు. ఈమధ్య కాలేజీ పిల్లలు నలుగురు ఇంటికొచ్చి, పాత ఎముకల్లోంచి డీఎన్ఏ తీసి చదివే పనిలోకి వెళ్దామనుకుంటున్నాం, మీ అనుభవాలు చెప్పండి అన్నారు. కాఫీలిచ్చి, నాలుగు గొప్పలు చెప్పి పంపించేశాను. వాళ్ళకి ఆవేళ చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

నేను శాస్త్రవేత్తని కాను. కోనసీమలో ముక్తేశ్వరంలో పుట్టి, ఇంటర్ తప్పి, తవ్వకాలు చేసే బృందంలో తట్ట మోసే పనితో మొదలుపెట్టి, ఎముకలు గుర్తుపట్టే విద్య పట్టుబడి, చివరికి పట్నంలో ఒక ప్రయోగశాలలో టెక్నికల్ అసిస్టెంటునయ్యాను. ఆ విద్య నాకు నేర్పింది మొదటి మేస్త్రీ. మట్టిలో దొరికింది రాయో ఎముకో తెలియకపోతే నాలుక ఆనించి చూడమన్నాడు. రాయి జారిపోతుంది. పాత ఎముక సన్నటి బెజ్జాలతో ఉంటుంది కాబట్టి తడిని పీల్చుకుని నాలుకని పట్టుకుంటుంది. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత పాతది. ఇరవై ఏళ్ళు అదే నా కొలబద్ద. అడవిదున్న పన్నునీ ఊరి గేదె పన్నునీ కూడా నాకి చెబుతానని తోటివాళ్ళు నన్ను ఆటపట్టించేవారు. నేను పొంగిపోయేవాణ్ణి.

తొంభైల చివర్లో మా లాబ్‌లోకి కొత్త పని వచ్చింది. చచ్చిపోయి వందల ఏళ్ళయిన ప్రాణి ఎముకలో కూడా దాని డీఎన్ఏ ముక్కలు ముక్కలుగా మిగిలి ఉంటుందనీ, వాటిని తీసి చదివితే అది ఏ జంతువో, మనిషైతే ఎవరి తాలూకో, ఎముక చుట్టూ మట్టిని చదివితే అప్పుడు అక్కడ ఏ చెట్లుండేవో కూడా చెప్పవచ్చనీ అన్నారు. అయితే ఒక చిక్కుంది. చచ్చిన ఎముకలో మిగిలేది చాలా తక్కువ. మన దగ్గు, చెమట, వేలిముద్ర, ఏది తగిలినా దాంట్లో కొత్త డీఎన్ఏ బండెడు ఉంటుంది. సంతలో ముసలమ్మ గొణుగుడు వినపడనట్టే, పాతది దాని కింద అణిగిపోతుంది. గ్లవ్స్ తొడుక్కోవాలి, మూతికి గుడ్డ కట్టుకోవాలి అని మూడు రోజులు పాఠం చెప్పారు. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. ఇవన్నీ కొత్తగా వచ్చిన పిల్లల కోసం అనుకున్నాను.

రెండు వేల ఒకటిలో అంతర్వేదికి ఇవతల, గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఒక పాలెం నుంచి కబురొచ్చింది. అక్కడ చేపల వేటకెళ్ళే కుటుంబాలు ఓ అరవై ఉంటాయి. పాలెం పక్కన ఎకరన్నర ఇసుక దిబ్బ ఉంది. వాళ్ళు దాన్ని పెద్దల దిబ్బ అంటారు. కొత్త వల కట్టుకున్న ప్రతివాడూ దాన్ని నీళ్ళలో వేసే ముందు ఆ వల అంచు తెచ్చి దిబ్బకి తాకించి, ఇంత అన్నం ముద్ద, ఎండుచేప ముక్క పెట్టి వెళ్ళాలి. రికార్డులో మాత్రం అది శ్మశానం కాదు, బంజరు. రొయ్యల చెరువులు తవ్వే ఆసామి ఒకాయన దాన్ని లీజుకి అడిగి, ముందే ఒక పక్క గొయ్యి తీయించాడు. కుండలూ ఎముకలూ బయటపడ్డాయి. మా పెద్దల్ని తవ్వుతున్నారని పాలెం అంతా అడ్డం పడుకుంది. ఎమ్మార్వో గారు తెలివైనవారు. "ఎముకలు మీవాళ్ళవని పరీక్షలో తేలితే శ్మశానమని రాసేస్తాను. తేలకపోతే నేనేం చేయలేను" అన్నారు. ఆ పరీక్ష మా నెత్తిన పడింది.

మా విభాగం పెద్దాయన, కొత్తగా చేరిన ఒక అమ్మాయి, నేను వెళ్ళాం. ఆ అమ్మాయి పీహెచ్‌డీ చేసి వచ్చింది. నిండా తెల్లటి తొడుగు వేసుకుని, ఆ ఉక్కలో చెమటలు కక్కుతూ, గోతిలో మోకాళ్ళ మీద కూర్చుంది. నేను పంచె ఎగ్గట్టుకుని దిగాను. నా సొంత సీమకి ఆఫీసరు హోదాలో వచ్చానని నాకు కొంచెం పొగరుగానే ఉంది. చుట్టూ పాలెం జనం మూగారు. గోతి అంచున తెల్లటి పొడుగాటి ముక్క ఒకటి కనపడింది. ఆ అమ్మాయి "సార్, ముట్టుకోకండి" అనేలోపే దాన్ని తీసి, పంచెతో తుడిచి, నాలుక ఆనించాను. గట్టిగా పట్టుకుంది.

"పాతదే. తొడ ఎముక" అన్నాను, అందరికీ వినపడేలా.

జనంలోంచి ఒక ముసలావిడ ముందుకొచ్చింది. ఆ పాలేనికి పెద్దదిక్కు ఆవిడే. "అదేంటండీ బాబూ, మా పెద్దోళ్ళని నాకి సూత్తన్నారు?" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "నీకు తెలియదులే మామ్మా, ఇదో పరీక్ష" అన్నాను.

"ఆయ్, అలాగేనండీ. సదువుకున్నోరు మీరు" అంది ఆవిడ. ఆవిడ మాత్రం నవ్వలేదు.

ఆ అమ్మాయి పక్కనే ఉన్న దవడలోంచి ఒక పన్ను తనే పట్టకారుతో తీసి, సీల్ చేసి, సంచిలో వేసుకుంది. కుండ అడుగున ఉన్న మట్టి కూడా ఇంత తీసుకుంది. పాలెంలో ఇంటికొకరి చొప్పున బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి నమూనాలు తీసింది. మామ్మ దగ్గరకొచ్చినప్పుడు "నోరు తెరవండి మామ్మగారూ" అని గారు పెట్టి పిలిచింది. నేను మామ్మా అన్న చోట ఆ పిల్ల గారు అనడం అప్పుడు గమనించలేదు.

లాబ్‌కి వచ్చాక ఆ అమ్మాయి ఇంకో మాట అంది. ఎముకలు ముట్టుకున్న ప్రతివాళ్ళ నమూనా కూడా తీసి పోల్చాలంది. పెద్దాయన ఇచ్చేశారు. నా దగ్గరకి దూదిపుల్ల పట్టుకొచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది. "నువ్వు పుట్టకముందు నుంచి ఎముకలు పట్టుకుంటున్నాను. నన్ను అనుమానిస్తావా?" అని గది అదిరేలా అరిచాను. పెద్దాయన నా సర్వీసుకి గౌరవమిచ్చి "ఆయన్ని వదిలెయ్యమ్మా" అన్నారు. ఎవరెవరు ఎలా ముట్టుకున్నారో రాసే ఫారం ఉంటుంది. అందులో నా పేరు ఎదురుగా "గ్లవ్స్‌తో" అని రాసి సంతకం పెట్టాను.

తొడ ఎముకలోంచి డీఎన్ఏ వచ్చింది. అదీ మామూలుగా కాదు, కడిగిన ముత్యంలా వచ్చింది. ఆ అమ్మాయికి అనుమానం. "ఈ వేడికీ ఈ తేమకీ ఇంత బాగా ఎలా నిలుస్తుంది సార్? పన్ను కూడా చేద్దాం" అంది. "అది మా కోనసీమ ఇసుక మహిమ తల్లీ" అన్నాను నేను. లాబ్‌లో అందరూ చప్పట్లు కొట్టినంత పనిచేశారు. ఇంత మంచి ఫలితం ఉండగా పన్ను అరగదీయడమెందుకు, దాచమన్నారు పెద్దాయన.

తల్లి నుంచి పిల్లలకి మాత్రమే వచ్చే వరస ఒకటుంటుంది. అమ్మ, అమ్మమ్మ, ఆవిడ అమ్మ, అలా వెనక్కి. ఎముకలో దొరికిన వరస పాలెంలో ఏ ఇంటితోనూ కలవలేదు. మా దగ్గరున్న పోలికల్లో ఒడిశా సరిహద్దు వైపు మనుషులకి దగ్గరగా ఉంది. పెద్దాయన రెండు రోజులు గదిలో అటూ ఇటూ తిరిగి, మూడో రోజు ఒక కథ అల్లారు. పూర్వం కళింగం నుంచి ఓడ మీద సరుకుతో వచ్చిన వర్తకుడెవరో గోదావరి సముద్రంలో కలిసే మొగలో చనిపోతే అక్కడ పాతిపెట్టి ఉంటారు. ఆ దిబ్బ పరదేశుల దిబ్బ అయి ఉండవచ్చు. పేపర్లో కూడా వేశారు. నేను ఆ కటింగు పర్సులో పెట్టుకుని తిరిగాను.

మా అమ్మమ్మది ఒడిశాలో బరంపురం. ఈ సంగతి నాకు తెలుసు, లాబ్‌లో ఇంకెవరికీ తెలియదు. మరి నాకెందుకు తట్టలేదంటే, నేను ఆ ఎముకకి పరీక్ష చేసినవాణ్ణి. పరీక్షలో తేలేవాణ్ణి కూడా నేనే కావచ్చన్న ఆలోచన ఆ రోజుల్లో నా బుర్రకి అందేది కాదు.

రిపోర్టు తీసుకుని రాజోలు వైపు నన్నే పంపారు, అక్కడి మాట తెలిసినవాణ్ణని. ఎమ్మార్వో గారి ఆఫీసులో ఒక పక్క చెరువుల ఆసామి, ఒక పక్క మామ్మ, ఆవిడ అల్లుడు. రిపోర్టు చివర్లో పెద్దాయన నిజాయితీగానే రాశారు, ఇది ఒక్క ఎముక సంగతి, మిగతావాటి గురించి దీన్నిబట్టి చెప్పలేము అని. ఎమ్మార్వో గారు గడియారం చూసుకుంటూ "ఒక్క ముక్కలో చెప్పండి మాస్టారూ, వీళ్ళవాళ్ళా, కాదా?" అన్నారు.

"కాదండీ. కళింగం నుంచి వచ్చి ఇక్కడ పోయినవాడెవరో" అన్నాను.

మామ్మ లేచి నిలబడింది. "ఒక్కడు మావోడు కాకపోతే అందరూ కాకుండా పోతారా అండీ? మా పేటలో అద్దెకుండే మేస్టారు సచ్చిపోతే మా దగ్గరే పాతేవండి. అలాగని మేవంతా మేస్టార్లమా బాబూ?"

ఆ ప్రశ్న మా పెద్దాయన రాసిన చివరి వాక్యమే. నేను ఆ కాగితం తిప్పి చదివి వినిపిస్తే సరిపోయేది. కానీ ఎమ్మార్వో ముందు ఒక ముసలావిడకి జవాబు చెప్పలేకపోయాననిపించుకోవడం ఇష్టం లేకపోయింది. "ఇది సైన్సు మామ్మా. అబద్ధమాడదు" అన్నాను.

"ఆయ్" అంది ఆవిడ, కూర్చుంటూ.

ఆ ఏడే దిబ్బ సగం రొయ్యల చెరువైంది. రెండు పంటలు తీశాక తెల్లమచ్చ రోగం వచ్చి రొయ్యలన్నీ తేలిపోయాయి. ఆసామి చేతులెత్తేశాడు. మిగతా సగం దిబ్బ అలాగే మిగిలింది. పాలెం వాళ్ళు వలలు ఆ సగానికే తాకించుకుంటున్నారని ఎవరో చెప్పగా విన్నాను. నాకేమీ బాధ కలగలేదు.

ఆరేళ్ళు గడిచాయి. నా రిటైర్మెంటుకి నెలరోజులుందనగా లాబ్‌లో నిబంధన మారింది. పనిచేసే ప్రతివాళ్ళ నమూనా తీసి ఫైల్లో ఉంచాలి. ఈసారి అరవడానికి నాకూ ఓపిక లేదు, నోరు తెరిచాను. వారం తర్వాత ఆ అమ్మాయి, అప్పటికి ఆమే మా విభాగంలో పెద్ద సైంటిస్టు, నా టేబుల్ దగ్గరికొచ్చి తలుపు వేసింది. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. ఒకటి ఆరేళ్ళనాటి కళింగ వర్తకుడు. రెండోది నేను. అక్షరం పొల్లు పోకుండా రెండూ ఒకటే.

"మీరు ఆవేళ నాలుక పెట్టారు సార్" అంది మెల్లగా.

అంత పేరు తెచ్చిన ఆ వర్తకుడు, ఓడలు, సరుకులు అన్నీ నా ఉమ్మి. ఆమె "పాలెం వాళ్ళకి వెంటనే రాయాలి సార్" అంది. "మూడు వారాలు ఆగమ్మా. నా సభ అయిపోనీ. ముప్ఫై ఏళ్ళ సర్వీసు" అన్నాను. ఆమె కూతురి వయసుది. ఆమె ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆమె, ఎలాగూ దిబ్బ పోయింది, మూడు వారాల్లో కొత్తగా మునిగేదేముందనుకుని ఒప్పుకుంది. దిబ్బ సగం మిగిలుందని ఆమెకి తెలియదు. నాకు తెలుసు.

నాలుగు రోజులకి ఉత్తరం వచ్చింది. మా విభాగం టపా నా టేబుల్ మీదే విప్పేవారు. మామ్మ అల్లుడు రాశాడు, ఇన్‌లాండు కవరు మీద, ఆవిడ చెబుతుంటే రాసినట్టుంది. మిగిలిన సగం ఇంకొకాయన లీజుకి తీసుకున్నాడట. పున్నమి వెళ్ళగానే పొక్లెయిన్ వస్తుందట. ఎమ్మార్వో గారు మారారు, కొత్తాయన మంచివాడు, లాబ్ వాళ్ళు మళ్ళీ పరీక్ష చేస్తున్నామని ఒక్క ముక్క రాసిస్తే ఆపుతానన్నారట. "తమరు దయుంచి ఇంకోసారి సూడమని మా అత్తగారు దణ్ణం పెట్టి రాయించుకుంటున్నారు" అని ఉంది.

ఒక్క ముక్క. ఆ అమ్మాయి చేతికిస్తే గంటలో ఫ్యాక్స్ వెళ్ళేది. కానీ మళ్ళీ ఎందుకు పరీక్ష చేస్తున్నారని పెద్దాయన అడుగుతారు. అడిగితే అంతా బయటపడుతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాను. క్యాలెండర్లో పున్నమి చూశాను. నా సభ దాని తర్వాత తొమ్మిదో రోజు. ఆ ఉత్తరం సొరుగులో పెట్టి తాళం వేశాను. పున్నమి రోజున మా ఇంటి డాబా మీద నిండుగా వెన్నెల ఉంది. భోజనం బాగానే చేశాను. నిద్ర కూడా పట్టింది. అన్నిటికన్నా అదే నాకు సిగ్గు.

సభ బాగా జరిగింది. పెద్దాయన శాలువా కప్పి, "ఈయన చెయ్యి పడితే ఎముక మాట్లాడుతుంది" అన్నారు. ఆ అమ్మాయి వెనక వరసలో నిలబడి ఉంది, చప్పట్లు కొట్టలేదు. మర్నాడు సొరుగు ఖాళీ చేస్తూ ఉత్తరం ఆమెకిచ్చాను. ఆమె ముందు చదివింది, తర్వాత కవరు తిప్పి పోస్టాఫీసు ముద్ర మీద తేదీ చూసింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. ఫోను దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పటికే పొక్లెయిన్ పని ముగించి వారమైంది.

దాచిన పన్నుని ఆమె తనే చేసింది. నెలలు పట్టింది. డీఎన్ఏ చితికిపోయి, ముక్కలై ఉంది, పాతది ఎలా ఉండాలో అలాగే. మూడుసార్లు చేసి చూసింది. తల్లి వరస పాలెంలో నాలుగిళ్ళతో కలిసింది. అందులో ఒకటి మామ్మ ఇల్లు. కుండ అడుగు మట్టిలో మడచెట్ల జాడ కూడా దొరికింది. ఆ చుట్టుపక్కల ఇప్పుడు మడచెట్టన్నది లేదు. ఆ మనిషి బతికున్నప్పుడు మాత్రం అక్కడంతా మడ అడవి ఉండేదన్నమాట. ఆ కాగితం ఆమె నాకు పంపి, "మీరు వెళ్తారా, నేను వెళ్ళనా?" అని ఒక్క వాక్యం రాసింది. నేనే వెళ్తానన్నాను.

పాలెంలో బస్సు దిగేసరికి దిబ్బ ఉండాల్సిన చోట నీళ్ళు. చెరువులో రొయ్యలకి గాలి అందించే చక్రాలు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి. మామ్మ ఇంటి ముందు వల బాగుచేస్తోంది. నన్ను గుర్తుపట్టింది. "రండి బాబూ, నాలిక బాబుగారు కదండీ తమరు?" అంది. నేను కింద కూర్చుని, తప్పంతా చెప్పాను. ఎముకకి నా ఉమ్మి అంటిందనీ, దొరికిన వర్తకుడు నేనేననీ, ఆ పెద్దలు మీవాళ్ళేననీ.

ఆవిడ చేతిలో ఉన్న ముడి పూర్తిచేసి, దారం కొరికింది. "మరి ఈ కాయితం ఇప్పుడెవరికి సూపించాలండీ?" అంది, నీళ్ళవైపు చూసి.

తర్వాత ఆవిడకి ఏదో గుర్తొచ్చి తలెత్తింది. "అయితే బాబూ, ఇన్నాళ్ళూ నేను ముద్ద పెట్టింది తమరికేనన్నమాట!"

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. "మీరు సెప్పేరు కదండీ, ఎక్కడో కళింగం నించి ఒచ్చి మా మొగలో సచ్చిపోయేడని. మావోళ్ళకంటే మేవున్నాం. ఆయనకెవరున్నారండీ పాపం? అప్పట్నించీ వల తాకించినప్పుడల్లా మావోళ్ళకో ముద్ద, ఆ దిక్కులేని బాబుకో ముద్ద. దిబ్బ పోయేక గట్టు మీద పెడతన్నానండీ."

నేను తల వంచుకున్నాను. "అయ్యో, బతికున్నోరికి అలా పెట్టకూడదండీ. తప్పు. లెగండి, లోపలికి రండి. బతికున్నోరికి ఇంట్లో పెడతాం" అని ఆవిడ లేచింది. పీట వేసి, కంచంలో అన్నం, చింతకాయ వేసి వండిన చేపల పులుసు వడ్డించింది. ఆవిడ ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసురుతోంది.

"మా అల్లుడు తమకో ఉత్తరం రాసేడండీ, పొక్లెయిన్ రాకముందు. అందలేదా అండీ?"

నరం లేని నాలుక అంటారు. ఎముకని నాకిన నాలుకే అది. "అందలేదు మామ్మగారూ" అన్నాను.

"అదేనండీ, నేననుకున్నాను. అందితే తమరు ఊరుకుంటారా?" అంది ఆవిడ. "మా పోస్టుమ్యాన్‌ని ఏడాదినించీ నానా మాటలూ అంటన్నానండీ. ఆడికి మా గుమ్మంలో మంచినీళ్ళు కూడా ఇవ్వడం మానేసేను. ఇంకొంచెం పులుసు ఎయ్యనా బాబూ?"

వేయమన్నాను. కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేస్తుంటే వీధి మొగలో సైకిల్ మీద పోస్టుమ్యాన్ ఎదురయ్యాడు. మామ్మ గుమ్మం ముందు నుంచి పోయేటప్పుడు తల తిప్పుకుని, గబగబా తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. నేను బస్సెక్కాను.